దసరా సెలవుల్లో విశాఖ: అత్తగారికి పద్యనాటకం, పిల్లలకు జలాంతర్గామి. రెండు రోజుల్లో కుదురుతాయా?

బొబ్బిలి కోడలు (సోమవారం, ఉదయం 10.20)

అందరికీ నమస్కారం. వచ్చే శనివారం ఉదయం బండికి మా కుటుంబమంతా విశాఖపట్నం వచ్చి, ఆదివారం రాత్రికి తిరిగి బొబ్బిలి చేరుకోవాలని అనుకుంటున్నాము. మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరానికి విజయనగరంలో మా ఆడపడుచు గారింట్లో ఉండాలి కనుక ఒక్క రోజు కూడా పొడిగించే వీలు లేదు. మా పాపకు పదకొండేళ్లు, బాబుకు ఆరేళ్లు. మా అత్తగారికి డెబ్బై నాలుగేళ్లు. ఆవిడకు మోకాళ్ల నొప్పులున్నాయి కాని ఉత్సాహానికి ఏ లోటూ లేదు.

పాప ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామిని చూసి తీరాలంటోంది. అత్తగారు మాత్రం ఒకే ఒక్క కోరిక కోరారు. చిన్నతనంలో చాపలు పరుచుకొని తెల్లవార్లూ చూసిన కృష్ణ రాయబారం వంటి పద్యనాటకం మళ్లీ ఒకసారి హాలులో కూర్చొని చూడాలట. మావారు అరకు, బొర్రా గుహలు కూడా కలిపి తొమ్మిది చోట్లతో పెద్ద పట్టిక తయారు చేశారు. దానిని చూస్తేనే నాకు ఆయాసం వస్తోంది. ఇందులో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో విశాఖవాసులు చెప్పగలరా? మోకాళ్ల నొప్పులున్న మనిషి జలాంతర్గామిలోకి వెళ్లగలరా అన్నది నా అసలు సందేహం.

ఎంవీపీ నివాసి (సోమవారం, ఉదయం 11.05)

ముందుగా అరకును, బొర్రాను ఆ పట్టికలోంచి కొట్టేయండి. వాటికి విడిగా రెండు రోజులు కావాలి. మిగిలినవాటిలో మీకు కావలసినవి చాలావరకు బీచ్ రోడ్డు మీదే ఉన్నాయి. కురుసుర ఇసుక వైపు ఉంటుంది, దాని ఎదురుగా రోడ్డుకు అవతల టీయూ-142 విమాన ప్రదర్శనశాల ఉంటుంది. 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం అక్కడికి దగ్గరే. పాత డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియం కూడా ఆ రోడ్డులోనే ఉంది. సోమవారం కురుసురకు సెలవు కాని మీరు వచ్చేది శని, ఆదివారాలు కనుక ఆ ఇబ్బంది లేదు. దసరా సెలవుల్లో ఆదివారం సాయంత్రం అక్కడ టిక్కెట్టు వరుస ఎంత పొడవుంటుందో మాకు తెలుసు కనుక, జలాంతర్గామిని శనివారానికే పెట్టుకోమని నా సలహా.

పాత నావికుడు (సోమవారం, మధ్యాహ్నం 2.40)

అమ్మా, మీ అసలు సందేహానికి ముందు సమాధానం చెబుతాను. మీ అత్తగారిని లోపలికి తీసుకువెళ్లవద్దు. ఎక్కడానికి మెట్లున్నాయి, దిగడానికి మెట్లున్నాయి. లోపల ఒక గదిలోంచి మరొక గదిలోకి వెళ్లేటప్పుడు కొన్నిచోట్ల నడుము వంచి, తల దించి, కాలెత్తి గడప దాటాలి. వెనుక జనం వస్తూ ఉంటారు కనుక మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునే వీలుండదు, వెనక్కి తిరిగే వీలు అంతకంటే ఉండదు.

నేను ఈ తరగతి జలాంతర్గాములలో పనిచేసినవాడిని కనుక పాపకు ముందే చెప్పి తీసుకురావలసిన సంగతులు కొన్ని రాస్తాను. కురుసుర సోవియట్ దేశంలో తయారై 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో గస్తీ తిరిగింది. 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి పొందింది. తరువాతి ఏడాది ఆగస్టు నుంచి ఒడ్డున ప్రజలకు దర్శనమిస్తోంది. పొడవు 91 మీటర్లు అని చదివితే చాలా పెద్దదనిపిస్తుంది. కాని ఆ పొడవులో ఏడు గదులు, మూడు డీజిల్ ఇంజన్లు, మూడు విద్యుత్ మోటార్లు, ముందు ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టాలు, 448 బ్యాటరీ సెల్లులు, వీటన్నిటి సందుల్లో దాదాపు 75 మంది మనుషులు ఉండేవారు. మనిషికొక పడక ఉండేది కాదు. కాపలాకు ఒకడు లేచి వెళ్తే, ఆ వెచ్చదనం ఆరకముందే డ్యూటీ దిగినవాడు వచ్చి అదే పడకలో పడుకొనేవాడు. టార్పెడోల గదిలో పడుకొనేవాళ్లకు చెయ్యి చాపితే టార్పెడో తగిలేది.

నీటి అడుగున ఇంజన్లు నడపడానికి గాలి చాలదు కనుక లోపల ఉన్నంతసేపూ బ్యాటరీల మీదే నడవాలి. బ్యాటరీలు తరిగితే నీటి పైకి, లేదా గాలిగొట్టం మాత్రం బయటకు వచ్చేంత లోతుకు చేరి, ఇంజన్లు నడిపి మళ్లీ నింపుకోవాలి. సాధారణంగా ఆ పని చీకట్లో చేసేవాళ్లము. మంచినీళ్లు తాగడానికి, వంటకు మాత్రమే. స్నానం సంగతి అడగవద్దు. ఒడ్డుకు వచ్చాక ఇంటికి వెళ్తే మా ఇంటావిడ గుమ్మంలోనే ముక్కు మూసుకొని, బట్టలు బయటే విప్పి రమ్మనేది. డీజిల్ వాసన మూడు ఉతుకులకు గాని వదిలేది కాదు. లోపల వివరించేవారిలో మాజీ నావికాదళ సిబ్బంది ఉంటారు. పాపను వారిలో ఒకరి పక్కన నిలబెట్టి, బ్యాటరీలు ఎక్కడున్నాయని అడగమనండి. జవాబు వినగానే తన కాళ్ల కిందకు చూసుకుంటుంది.

బొబ్బిలి కోడలు (సోమవారం, సాయంత్రం 4.15)

చాలా కృతజ్ఞతలండీ. మీరు రాసింది పాపకు చదివి వినిపించాను. అప్పటి నుంచి తమ్ముడి మంచం మీద నువ్వు లే, నా వంతు వచ్చిందంటూ ఆడుతోంది. అయితే మేమంతా లోపలికి వెళ్తే అత్తగారిని బయట ఒంటరిగా కూర్చోబెట్టాలా? అలా చేస్తే ఆవిడేమీ అనరు, కాని నాకే మనసొప్పదు.

ఇద్దరు పిల్లల తల్లి (సోమవారం, సాయంత్రం 5.30)

ఒంటరిగా ఎందుకండీ? రెండు జట్లుగా విడిపోండి. మీవారు పాపను తీసుకొని లోపలికి వెళ్లాలి, మీరు, బాబు, అత్తగారు బయట ఉండాలి. ఆరేళ్ల బాబును లోపలికి తీసుకువెళ్లే ముందు కొంచెం ఆలోచించండి. మా చిన్నవాడికి అయిదున్నరేళ్లప్పుడు ఒక సెలవుదినం సాయంత్రం తీసుకువెళ్లాము. మూడో గది వరకు బాగానే నడిచాడు. అక్కడ ముందు నిలబడ్డవారి వీపులు తప్ప వాడికేమీ కనబడక, గాలి ఆడక, ఒక్కసారిగా ఏడుపు అందుకున్నాడు. వెనక్కి వెళ్లలేము, ముందువాళ్లు ఫోటోలు దిగుతూ కదలరు. వాడిని చంకనెత్తుకొని, వాడి తల ఏ ఇనుప గొట్టానికీ తగలకుండా నా అరచెయ్యి అడ్డుపెట్టుకుంటూ మిగిలిన దారంతా నడిచాను. నా వేళ్లు రెండు రోజులు వాచి ఉన్నాయి. తప్పు మాదే, రద్దీ వేళ వెళ్లడం మా నిర్ణయం. రద్దీ లేని వేళ అయితే చిన్నపిల్లలు కూడా ఆనందిస్తారు.

పాత నావికుడు (సోమవారం, రాత్రి 8.10)

ఆవిడ చెప్పింది నిజం. బాబును టీయూ-142 దగ్గరకు తీసుకువెళ్లండి. సుమారు యాభై మూడు మీటర్ల పొడవున్న విమానం కనుక బయట నిలబడి చూసినా తనివి తీరుతుంది. నాలుగు ఇంజన్లు, ఒక్కొక్క ఇంజనుకు రెండేసి పంకాలు, ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు దిశల్లో తిరుగుతాయి. అది 1988 నుంచి 2017 వరకు ఇరవై తొమ్మిదేళ్లు సేవ చేసింది, అన్నేళ్లలో ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. దాని పని సముద్రంలో శత్రువుల జలాంతర్గాములను వెతికి పట్టుకోవడం. నీటిలోకి చప్పుడు పసిగట్టే పరికరాలను జారవిడిచి, ఆ పరికరాలు పంపే సంకేతాలను పైనుంచి వినేవారు. అంటే బీచ్ రోడ్డుకు ఒక పక్క వేటగాడు, రెండో పక్క వేట. ఎవరు ఆలోచించి అలా ఎదురెదురుగా పెట్టారో కాని, నేను ఆ దారిన నడిచినప్పుడల్లా నవ్వుకుంటాను. మేము నీటి అడుగున ఉన్నప్పుడు పైన అలాంటి విమానం తిరుగుతోందంటే గరిటె కింద పడ్డా గుండె ఆగేది.

హార్మోనియం (మంగళవారం, ఉదయం 7.00)

నావికుల కబుర్లలో పడి మీరందరూ పెద్దావిడ కోరికను మరచిపోయారు. ఆ భాగం నాకు వదిలేయండి. నేను ఉద్యోగరీత్యా గుమస్తాను, కాని ముప్పై ఏళ్లుగా నాటకాలకు హార్మోనియం వాయిస్తున్నాను.

విశాఖలో నాటకం పడే చోట్లు చాలానే ఉన్నాయి. పిఠాపురం కాలనీలో కళాభారతి, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం, ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ప్రధానమైనవి. సెలవు రోజుల్లో సాయంత్రాలు ఎక్కడో ఒకచోట ఏదో ఒక సంస్థ ప్రదర్శన ఉంటుంది. చాలావాటికి టిక్కెట్టు ఉండదు, ఆహ్వానపత్రమే ప్రవేశపత్రం, అది లేకపోయినా ఎవరూ అడ్డుకోరు. వార్తాపత్రికలో జిల్లా పేజీలోని నేటి కార్యక్రమాలు శని, ఆదివారాలు రెండు రోజులూ చూడండి.

ఇప్పుడు అసలు కిటుకు చెబుతాను. ఆహ్వానపత్రంలో ఆరు గంటలకని ఉంటే నాటకం ఆరింటికి మొదలవుతుందని నమ్మవద్దు. జ్యోతి ప్రకాశనం ఉంటుంది, అతిథుల ప్రసంగాలు ఉంటాయి, పెద్దలకు శాలువలు కప్పుతారు, శాలువ కప్పినవారికి మరొకరు శాలువ కప్పుతారు. తెర లేచేసరికి ఏడు దాటుతుంది, ఏడున్నర అయినా ఆశ్చర్యం లేదు. మేకప్ వేసుకున్న కృష్ణుడు కిరీటం బరువుకు మెడ నొప్పి పుట్టి పక్కన కుర్చీలో కునుకు తీయడం నేను ఎన్నోసార్లు చూశాను. కనుక పిల్లలకు ముందే అన్నం పెట్టి, ఆరున్నరకు చేరండి. అత్తగారిని మాత్రం ముందుగా కూర్చోబెట్టండి, ఎందుకంటే నడవ పక్క కుర్చీ దొరకాలి, మోకాలు చాపుకోవాలి.

కూర్చునే చోటు గురించి ఒక మాట. మొదటి వరుస అతిథులది. నాలుగో వరుస నుంచి, హార్మోనియం ఉన్న వైపు కూర్చుంటే పద్యం ఎత్తుకునే ముందు నటుడికీ హార్మోనిస్టుకూ మధ్య నడిచే కనుసైగలు కనబడతాయి. శ్రుతి అందగానే నటుడి భుజం ఎలా నిలబడుతుందో పాపకు చూపించండి.

గాజువాక కుర్రాడు (మంగళవారం, ఉదయం 9.25)

పెద్దలు మన్నించాలి. ఆరేళ్ల పిల్లవాడు, పదకొండేళ్ల పాప మూడు గంటలపాటు సమాస భూయిష్ఠమైన పద్యాలు వింటూ కూర్చుంటారా? నన్ను చిన్నప్పుడు మా తాత అలాగే బలవంతంగా తీసుకువెళ్లారు. నాకు గుర్తున్నది దోమలు మాత్రమే. పెద్దావిడను నాటకానికి పంపి, పిల్లలను జగదాంబ వైపు ఏదైనా సినిమాకు తీసుకువెళ్తే అందరూ సంతోషిస్తారు. బలవంతం మీద కళాభిమానం పుట్టదు.

హార్మోనియం (మంగళవారం, ఉదయం 9.50)

దోమల విషయంలో మీతో ఏకీభవిస్తాను. మిగతా విషయంలో ఏకీభవించను. పిల్లలకు పద్యం అర్థం కాదన్నది నిజమే, కాని కథ తెలిస్తే పద్యం అర్థం కానవసరం లేదు. పల్లెల్లో తెల్లవార్లూ చూసినవారందరూ వ్యాకరణం చదివినవారా? దుర్యోధనుడు అర్జునుడికంటే ముందు వచ్చి కృష్ణుడి తలవైపు కూర్చున్నాడని, అర్జునుడు కాళ్ల దగ్గర నిలబడ్డాడని, కృష్ణుడు లేవగానే ఎదురుగా కనబడింది అర్జునుడేనని బండిలో వస్తూ బాబుకు చెప్పండి. వేదిక మీద ఆ మంచం కనబడగానే వాడే లేచి నిలబడతాడు. పైగా ఇప్పుడు తెల్లవార్లూ ఆడటం అరుదు. ఘట్టాలు ఏరుకొని రెండు, రెండున్నర గంటల్లో ముగిస్తున్నారు.

ఎప్పుడైనా సురభి వారి ప్రదర్శన విశాఖకు వస్తే మాత్రం ఈ కుర్రాడిని కూడా పట్టుకు రండి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలైన కుటుంబ నాటక సంస్థ అది. తాత నుంచి మనవడి వరకు ఇంట్లో అందరూ నటులే. మాయాబజార్‌లో ఘటోత్కచుడి ముందు పళ్లేలు ఖాళీ అయిపోతుంటే సినిమా తరం పిల్లలు కూడా తీగ ఎక్కడుందా అని కుర్చీల్లోంచి ముందుకు వంగుతారు.

గాజువాక కుర్రాడు (మంగళవారం, ఉదయం 10.10)

తీగ సంగతి చెప్పారు కనుక సురభికి వస్తాను. రాయబారం విషయంలో మాత్రం నా అభిప్రాయం నాదే.

తగరపువలస టీచరు (మంగళవారం, సాయంత్రం 6.45)

ఈ చర్చ మొత్తం చదివాను. అందరూ పెద్దావిడను ఎక్కడ కూర్చోబెట్టాలా అనే ఆలోచిస్తున్నారు గాని, ఆవిడే ముందు నడవగలిగిన చోటు ఒకటి ఉందని ఎవరూ అనలేదు. అది విశాఖ మ్యూజియం. దానిని 1991లో ప్రారంభించారు. భవనం ఎంతో పాతది. అక్కడ నాణేలు, ఆయుధాలు, పటాలు, రాచకుటుంబాల వస్తువులు, నౌకల నమూనాలు ఉంటాయి. పిల్లలు వాటిని గబగబా దాటేస్తారు, దాటనివ్వండి. ఒక్కచోట మాత్రం ఆపండి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద వేసిన బాంబుల్లో పేలకుండా మిగిలినది ఒకటి అక్కడ ఉంది.

నేను పిల్లలను తీసుకువెళ్లినప్పుడల్లా అడుగుతాను, మీ ఇంట్లో ఎవరైనా బాంబుల ఏడాది కబుర్లు చెప్పారా అని. ఆ రోజు తరువాత పట్నంలో జనం మూటలు కట్టుకొని పల్లెలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తును సైతం యుద్ధకాలంలో గుంటూరుకు మార్చవలసి వచ్చింది. మీ అత్తగారు అప్పటికి పుట్టి ఉండరు, కాని వారి తల్లిగారి నోట విని ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆ తరలిపోయిన జనానికి అన్నం పెట్టింది మీ బొబ్బిలి, విజయనగరం వైపు ఊళ్లే. ఆ బాంబు ముందు ఆవిడకు ఒక కుర్చీ దొరికితే మీకు వేరే గైడు అవసరం లేదు.

బొబ్బిలి కోడలు (మంగళవారం, రాత్రి 9.30)

టీచరు గారూ, మీ మాట చదివి అత్తగారిని అడిగాను. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, "మా యమ్మ చెప్పేది. పట్నం చుట్టాలు పదకొండు మంది మా పెరట్లో దిగిపోనారంట. మూడు నెలలు మామిడిపళ్లూ అంబలే కూడంట" అన్నారు. పెళ్లయి పదమూడేళ్లయింది, ఈ మాట నేను ఇదే మొదటిసారి వినడం.

ఎంవీపీ నివాసి (బుధవారం, ఉదయం 8.15)

ఆదివారం ఉదయం ఖాళీగా ఉంటుంది కనుక తొట్లకొండ కూడా కలపవచ్చు. భీమిలి దారిలో పట్నానికి సుమారు పదిహేను కిలోమీటర్లు. కొండ పైవరకు బండి వెళ్తుంది కనుక మోకాళ్లకు పెద్ద శ్రమ ఉండదు. నౌకాదళం కోసం 1976లో ఆ ప్రాంతాన్ని పరిశీలిస్తుండగా బయటపడిన బౌద్ధ విహారం అది. కొండరాతిలో తొలిచిన నీటి తొట్లను బట్టే ఆ పేరు వచ్చింది. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతోపాటు రోమను నాణేలు కూడా దొరికాయి. పైనుంచి సముద్రం కనబడుతుంది. టోపీలు, నీళ్లు తప్పనిసరి, ఎండ పదింటికే మాడ్చేస్తుంది. ఇంతకుమించి ఇంకేదీ కలపవద్దు. మీవారి తొమ్మిది చోట్ల పట్టికకు నా తరఫున క్షమాపణలు చెప్పండి.

చిన వాల్తేరు (బుధవారం, మధ్యాహ్నం 12.00)

నాటకాల ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. గురజాడ వారి కన్యాశుల్కం మొదట ఆడింది విశాఖలోనే కదా? అందుకే కళాక్షేత్రానికి ఆ పేరు పెట్టారని మా తాతగారు చెప్పేవారు.

హార్మోనియం (బుధవారం, మధ్యాహ్నం 1.20)

కాదండీ. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు మొదట ఆడారు. పుస్తకంగా 1897లో వచ్చింది. ఈ గౌరవం విజయనగరానిదే. బొబ్బిలి వారు చదువుతున్న చోట ఈ పొరపాటు దొర్లనివ్వకూడదు. మంగళవారం సిరిమానుకు ఎలాగూ విజయనగరం వెళ్తున్నారు కనుక అక్కడి గురజాడ వారి ఇంటిని కూడా పిల్లలకు చూపించవచ్చు.

బొబ్బిలి కోడలు (తరువాతి గురువారం, ఉదయం 11.40)

అందరికీ మరోసారి నమస్కారం. వెళ్లి వచ్చాము. సలహాలిచ్చినవారికి జరిగినది చెప్పడం ధర్మం కనుక కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక విశాఖ మ్యూజియంతో మొదలుపెట్టాము. పిల్లలు టీచరు గారు చెప్పినట్టే కత్తుల దగ్గర, ఓడ నమూనాల దగ్గర గంతులు వేసి, మిగిలినవన్నీ దాటేశారు. బాంబు ముందు అత్తగారు నిలబడిపోయారు. "ఇది పేలితే ఎంత దూరం పోద్ది మామ్మా?" అని బాబు అడిగితే, "మీ ముత్తవ్వ ఇంటి పెరడు దాకా పోయింది నాయనా, పేలకుండానే" అన్నారు. పక్కన నిలబడ్డ మరో కుటుంబం వారు కూడా ఆగి, ఆ పదకొండు మంది చుట్టాల కథ చివరి వరకు విన్నారు. ఆ పదకొండు మందిలో ఒక పసిబిడ్డ అక్కడే ఆ పెరట్లో పుట్టిందని, ఆ బిడ్డకు పెట్టిన పేరే తరువాత మా అత్తగారికీ పెట్టారని అప్పుడు తెలిసింది. మావారికి కూడా తెలియదు.

అయిదింటికి కురుసుర చేరాము. జట్లుగా విడిపోయాము. పాప, వాళ్ల నాన్న లోపలికి వెళ్లారు. బయట నుంచి ఆ నల్లటి పొట్టను తలెత్తి చూసి అత్తగారు, "ఏటర్రా, ఈ గొట్టంలోకి డెబ్బై అయిదు మందిని ఎట్టా కుక్కినారు?" అని, దారినపోయే మురీ మిక్చర్ బండిని ఆపారు. బాబు విమానం కింద నిలబడి ఒక్కొక్క పంకా రెక్కలు లెక్కపెట్టాడు. ఒక ఇంజనుకు ఎనిమిదని తేల్చి, నాలుగు ఇంజన్లకు ఎన్నో చెప్పమని నన్ను పరీక్ష పెట్టాడు. పాప బయటకు వచ్చేసరికి ముఖం చెమటతో మెరుస్తోంది. లోపల మాజీ నావికుడొకాయనను బ్యాటరీల గురించి అడిగిందట. ఆయన ఆశ్చర్యపోయి, నీకెవరు చెప్పారమ్మా అన్నారట. పాత నావికుడు గారూ, మీ పేరు తెలియక "ఒక తాతగారు" అని చెప్పి వచ్చింది.

ఆదివారం ఉదయం తొట్లకొండకు వెళ్లాము. బాగుంది, కాని టోపీల మాట పెడచెవిన పెట్టి మావారు బాగా మాడిపోయారు.

సాయంత్రం నాటకం. మా అదృష్టం కొద్దీ రాయబారం ఘట్టాలే దొరికాయి. ఏ సంస్థ, ఏ హాలు అన్నది రాయను, ఎందుకంటే ఒక ఫిర్యాదు ఉంది. సన్మానాలకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది. హార్మోనియం గారు ముందే చెప్పారు కనుక మేము పిల్లలకు పెరుగన్నం పెట్టి తీసుకువెళ్లాము, లేకపోతే తెర లేవకముందే లేచి రావలసి వచ్చేది. మా వెనుక వరుసలో ఒక కుటుంబం అలాగే వెళ్లిపోయింది. రాత్రి బండి అందుకోవలసిన మాకు చివరి ఘట్టం దక్కలేదు. అంత ఆలస్యం చేసినందుకు ఎవరూ ఒక్క మాట కూడా చెప్పలేదు. దూరం నుంచి వచ్చేవారు ఉంటారని నిర్వాహకులు ఆలోచించాలి.

అయినా చూసినంతవరకు చాలా బాగుంది. తెర లేచేసరికి వేదిక మీద మంచం, మంచం మీద కృష్ణుడు. బాబు కుర్చీ ఎక్కి నిలబడి, "వీడు తలవైపు కూర్చుంటాడు చూడు" అని హాలంతా వినబడేలా అన్నాడు. దుర్యోధనుడు సరిగ్గా అక్కడే కూర్చున్నాడు. రెండు వరుసలు నవ్వాయి. నాలుగో పద్యానికి బాబు నా ఒడిలో నిద్రపోయాడు. గాజువాక తమ్ముడి మాట అంతవరకు నిజం. పాప మాత్రం హార్మోనియం ఆయననే చూస్తూ కూర్చుంది. అత్తగారు మొదట పెదవులతో, తరువాత చిన్న గొంతుతో, ఒక పద్యం దగ్గర నటుడికంటే అర క్షణం ముందే పాదం అందుకున్నారు. జనం "వన్స్ మోర్" అన్నప్పుడు ఆవిడ గొంతు అందరికంటే పైన వినబడింది. మెత్తటి మనిషి ఆవిడ, ఇంట్లో గట్టిగా పిలవను కూడా పిలవరు.

బండిలో వస్తూ ఆవిడకు ఒక సందేహం వచ్చింది. చిన్నప్పుడు బొబ్బిలి దగ్గర పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడిని చూశారట. ఆ పద్యాన్ని ఆయన ఇలా పాడలేదని, ఇప్పటి నటుడు రాగం మార్చేశాడని పట్టుబట్టారు. హార్మోనియం గారూ, అలా మార్చవచ్చునా?

హార్మోనియం (గురువారం, మధ్యాహ్నం 12.30)

సన్మానాల ఆలస్యానికి మా వాళ్లందరి తరఫున సిగ్గుపడుతున్నాను.

మార్చవచ్చునండీ. పద్యానికి ఛందస్సు కట్టుబాటే గాని రాగం కట్టుబాటు కాదు. ఒక్కొక్క నటుడు తన గొంతుకు, తన శ్రుతికి తగినట్టు ఎంచుకుంటాడు. పీసపాటి వారు మన ఉత్తరాంధ్ర మనిషే. వారు రాగాన్ని సాగదీయక మాట అర్థాన్ని ముందుకు తెచ్చేవారని పెద్దలు చెప్పగా విన్నాను. మరో పద్యనాటక నటుడు షణ్ముఖి ఆంజనేయరాజు గారిది రాగం సాగదీసి ఆలపించే తీరు. ఇప్పటివారిలో ఎక్కువమంది రెండో దారిలో వెళ్తున్నారు. మీ అత్తగారు విన్నది మొదటిది కనుక తేడా వెంటనే పట్టుకున్నారు. అరవై ఏళ్ల కిందటి వరస జ్ఞాపకం ఉందంటే అది చిన్న విషయం కాదు.

ఆవిడను ఒకసారి కూర్చోబెట్టి, ఆ పద్యం తాను విన్నట్టే పాడించి, ఫోనులో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. శ్రుతి కుదరకపోయినా పరవాలేదు. హార్మోనియం మీద పట్టి, అది ఏ రాగమో చెబుతాను.

బొబ్బిలి కోడలు (గురువారం, మధ్యాహ్నం 12.55)

చెప్పాను. ముందు తల దువ్వుకుంటానన్నారు.